డబ్బాలో దొండకాయ

జ్యామితి అనగానే మనలో చాలామందికి కంపాసు బాక్సు, అందులో మొన విరిగిన పెన్సిలు, "ఇచ్చిన కొలతలతో త్రిభుజము గీయుము" గుర్తొస్తాయి. పదో తరగతి అయిపోగానే దాన్ని అటకెక్కించేశాం. ఇంటర్‌కొచ్చేసరికి అది సమీకరణాలైపోయింది. ఇంజినీరింగులో మేట్రిక్సులైంది. ఉద్యోగంలో చేరాక లైబ్రరీ ఫంక్షనైంది. ఇంపోర్టు చేసుకోవడం, పిలవడం, వచ్చిన అంకెని స్లైడులో పెట్టుకోవడం. బొమ్మ మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోయింది.

నా మట్టుకు నాకు ఆ జారిపోయిన బొమ్మే అసలు సరుకు అనిపిస్తుంది. అంకెల కుప్పలా కనపడే సమస్యని పట్టుకుని "ఇందులో దూరం అంటే ఏమిటి? కోణం ఎక్కడుంది? మొత్తం ఆకారం ఎలా ఉంది?" అని అడిగితే చాలాసార్లు సమస్య తనంతట తానే నోరు విప్పుతుంది. ఊరికే కబుర్లు చెప్తున్నాననుకుంటారేమో, మా ఆఫీసులో నడిచిన ఒక గొడవ చెప్తాను.

మేము నడిపే ఒక సర్వీసుకి రాత్రిళ్ళు అలారాలుంటాయి. సీపీయూ 85 శాతం దాటితే మోగుతుంది. సెకనుకి వచ్చే రిక్వెస్టులు 200 కంటే తగ్గినా, 2000 దాటినా మోగుతుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా. ఒక రాత్రి సీపీయూ 70 శాతం, రిక్వెస్టులు 300. ఏ గీతా దాటలేదు కాబట్టి అలారం నిమ్మళంగా నిద్రపోయింది. కానీ 300 రిక్వెస్టులకి ఆ మెషీను 15 శాతం కూడా వాడదు! ఎక్కడో ఒక లూపు పిచ్చెక్కినట్టు తిరుగుతోంది. తెల్లవారాక కస్టమర్లు ఫోన్లు చేస్తే గానీ తెలియలేదు. దీనికి సరిగ్గా ఉల్టాగా పండగ సేల్ రోజుల్లో రిక్వెస్టులు 2050, సీపీయూ 88. పని ఎక్కువుంది కాబట్టి మెషీను ఎక్కువ తిరుగుతోంది, అందులో వింతేమీ లేదు. అయినా అలారం మోగుతుంది. ఆ వారం డ్యూటీలో ఉన్నాయనకి ఇంట్లో మూడు నెలల పసిపాప. ఆయన ఫోను మోగితే పాప లేస్తుంది, పాప లేస్తే ఇల్లంతా లేస్తుంది. వరసగా నాలుగు రాత్రులు అదే తంతు. అయిదో రోజున ఆయన "నన్ను ఇంకో టీముకి పంపించెయ్యండి" అని మెయిలు కొట్టాడు.

దీనికి అందరూ చెప్పే వైద్యం ఒకటే: గీతలు జరపడం. 85ని 90 చెయ్యండి, 2000ని 2500 చెయ్యండి. అలా జరిపితే పండగ గోల తగ్గుతుందేమో గానీ, ఆ 70-300 రాత్రిని పట్టుకునే గీత ఏదీ లేదు. ఎంత జరిపినా లేదు. ఎందుకో అంకెల పట్టికలో చూస్తే తెలియదు, బొమ్మలో చూస్తే తెలుస్తుంది.

అడ్డంగా రిక్వెస్టులు, నిలువుగా సీపీయూ పెట్టి నెలరోజుల డేటాని చుక్కలుగా వేస్తే ఏం కనపడుతుందంటే, కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి ఏటవాలుగా పడుకున్న ఒక దొండకాయ! పుస్తకాల్లో దీర్ఘవృత్తం అంటారు గానీ నాకు దొండకాయే నచ్చింది. మనం పెట్టిన అలారం గీతలు దాని చుట్టూ ఒక దీర్ఘచతురస్రం, అంటే ఒక డబ్బా. మన అలారం అడిగే ప్రశ్న "చుక్క డబ్బాలో ఉందా?" అని. అడగాల్సిన ప్రశ్న "చుక్క దొండకాయలో ఉందా?" అని. దొండకాయ ఏటవాలుగా ఉంది కాబట్టి డబ్బాలో రెండు మూలలు ఖాళీ. ఆ 70-300 రాత్రి అలాంటి ఖాళీ మూలలో కూర్చుంది. డబ్బా గోడలు ఎంత జరిపినా ఖాళీ మూల ఖాళీ మూలే.

మరి దొండకాయకి ఎంత దూరంలో ఉన్నామో కొలిచేదెలా? మామూలు స్కేలు పనికిరాదు. కాయ పొడవు వెంట పది అడుగులు వేసినా కాయలోనే ఉంటాం, అడ్డంగా రెండడుగులు వేస్తే బయట పడతాం. కాబట్టి ఏ దిశలో కాయ ఎంత సాగి ఉందో ఆ దిశలో స్కేలుని కూడా అంత సాగదీసి కొలవాలి. అంకెల్లో చెప్తాను. రెండు మెట్రిక్కులనీ వాటి వాటి స్టాండర్డ్ డీవియేషన్లలో కొలిచామనుకోండి, రెండింటి మధ్యా కోరిలేషన్ 0.9. ఒక చుక్క (2, 2) దగ్గరుంది, ఇంకోటి (2, -2) దగ్గరుంది. మామూలు స్కేలుతో రెండూ సగటు నుంచి 2.83 దూరమే. సాగే స్కేలుతో మొదటిది 2.05, రెండోది 8.9. ఒకటి పండగ సేలు, ఇంకోటి పిచ్చి లూపు అన్నమాట.

ఈ సాగే స్కేలు కనిపెట్టింది సిలికాన్ వ్యాలీ వాళ్ళు కాదు. కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1920లో నాగపూర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు జువలాజికల్ సర్వే డైరెక్టరు నెల్సన్ అన్నండేల్ ఆయన్ని ఒక సాయం అడిగాడు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తన దగ్గర ఉన్నాయి, వాటిని విశ్లేషించి పెట్టమని. తల పొడవు, ముక్కు వెడల్పు లాంటివి. ఇక్కడ చిక్కేమిటంటే ఈ కొలతలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పొడవాటి మనిషికి చేతులూ పొడవే. రెండు గుంపులు ఒకదానికొకటి ఎంత దగ్గరో చెప్పాలంటే ఈ ముళ్ళని లెక్కలోకి తీసుకునే దూరం కావాలి. ఆ ఆలోచన ముదిరి ముదిరి 1936లో ఆయన రాసిన పేపరుగా స్థిరపడింది. ఇవాళ పైథాన్‌లో ఒక్క లైనులో పిలిచేస్తున్న మహలనోబిస్ డిస్టెన్స్ అదే. ముక్కుల్ని కొలవడానికి పుట్టిన స్కేలు సర్వర్లని కొలుస్తోంది.

ఈ కథలో తర్వాతి పాత్ర మనవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, అదే సి.ఆర్.రావు గారు. హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనుంచి వెళ్ళే రోడ్డుకి ఆయన పేరే పెట్టారు. రోజూ ఆ ట్రాఫిక్కులో ఇరుక్కునే మన ఐటీ జనంలో ఎంతమందికి ఆయనెవరో తెలుసంటారు? ఇప్పటి కర్ణాటకలో ఉన్న హడగళిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరుగుతూ చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసి, 1941లో కలకత్తా వెళ్ళి మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, ఇంచుమించు పాతికేళ్ళ వయసులో, కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు రాశారు. ఆ ఒక్క పేపరులో మూడు గొప్ప సంగతులున్నాయి. వాటిలో రెండు స్టాటిస్టిక్స్ చదివిన ప్రతివాడికీ తెలుసు: క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మూడోది మా దొండకాయకి పెద్దన్నయ్య.

మీ సర్వీసు సగటు లేటెన్సీ నిన్న 100 మిల్లీసెకన్లు, ఇవాళ 110 అనుకోండి. తేడా పెద్దదా చిన్నదా? రోజువారీ చెదురు 1 మిల్లీసెకను అయితే కొంప మునిగినట్టే. చెదురు 50 అయితే ఆ పది ఎవడికీ పట్టదు. అంటే రెండు పంపిణీల మధ్య దూరం సగటుల తేడాతోనే తేలదు, మనం ఏ చోట నిలబడి కొలుస్తున్నామన్న దాన్ని బట్టి స్కేలే మారిపోతుంది. చోటుని బట్టి స్కేలు మారే జ్యామితికి రీమన్ ఎప్పుడో 19వ శతాబ్దంలోనే పునాది వేశాడు. ఐన్‌స్టీన్ దాన్ని గురుత్వాకర్షణకి వాడుకున్నాడు. రావు గారు అదే తీసుకొచ్చి పంపిణీలకి వాడారు. సగటు అడ్డంగా, చెదురు నిలువుగా పెట్టుకుంటే ఒక్కో గాసియన్ పంపిణీ ఒక్కో చుక్క. ఆ చుక్కలుండే నేల చదునుగా ఉండదు, వంగి ఉంటుంది. దీన్ని ఇప్పుడు ఇన్ఫర్మేషన్ జామెట్రీ అంటున్నారు. 1998లో షునిచి అమారి న్యూరల్ నెట్‌వర్కులకి నేర్పించేటప్పుడు ఈ వంపు వెంట దిగడం మేలని చూపించాడు. రావు గారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. ఆ ఆగస్టులోనే 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆ వారం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఐఫోను ధర గురించి మాట్లాడుకున్నారు. సరే, అది వేరే బాధ.

క్రామర్-రావు హద్దు అన్నాను కదా. అది నాకు బుర్రకెక్కించింది ఇంటర్ లెక్క. మా పిన్ని కూతురు ఇప్పుడు ఎంపీసీ రెండో ఏడు, పేరున్న కార్పొరేట్ కాలేజీ, హాస్టలు. దసరా సెలవులకొచ్చినప్పుడు ఒక లెక్క చూపించాను: 3కాస్θ + 4సైన్θ గరిష్ఠ విలువ ఎంత? "రూట్ ఆఫ్ ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్. అయిదు. దీనికి పది సెకన్లు కూడా ఎక్కువ అన్నయ్యా" అంది. ఎందుకు అయిదు అంటే మొహం చూసింది. ఎంసెట్‌లో, అదే ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. అందులో బొమ్మ గీయడానికి టైమెక్కడిది? "మా సారు బొమ్మలేస్తే ర్యాంకు రాదన్నారు" అంది. వాళ్ళ మెటీరియల్ తిరగేశాను. వెక్టార్ల అధ్యాయంలో కూడా పేజీలకి పేజీలు బొమ్మ లేదు, డబ్బాల్లో ఫార్ములాలున్నాయి. చిన్నప్పుడు వాళ్ళింటి ముందు ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు ఒక్క తప్పు లేకుండా వేసిన పిల్ల ఈ అమ్మాయే. ఆ చెయ్యినీ కంటినీ పక్కన పెట్టించి పాస్‌బుక్కులో ఎంట్రీల్లా ఫార్ములాలు వేయించడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

కాగితం మీద (3, 4) దగ్గరికి ఒక బాణం గీశాను. పొడవు అయిదు. 3కాస్θ + 4సైన్θ అంటే θ దిశలో ఉన్న కర్ర మీద ఆ బాణం పడేసే నీడ పొడవు. కర్రని తిప్పుతూ పొండి. నీడ బాణం కంటే పొడుగవుతుందా? అవ్వదు. ఎప్పుడు సమానమవుతుంది? కర్ర బాణం వెంటే ఉన్నప్పుడు. అంతే, అయిదు. ఆ అమ్మాయి కాసేపు చూసి, "అయితే ఏ కోణం దగ్గరో కూడా తెలిసిపోయిందిగా, టాన్ θ నాలుగు బై మూడు" అంది. తర్వాత తనే "మైనస్ అయిదు వెనక్కి తిప్పితే" అంది. ఆ రెండూ నేను చెప్పలేదు.

ఇప్పుడు ఇదే బొమ్మ మీద రావు గారి హద్దు. డేటా నుంచి ఏదో తెలియని విలువని అంచనా కట్టే ఏ పద్ధతైనా, సగటున తప్పు చెప్పని పద్ధతైతే చాలు, దాన్ని ఒక బాణం అనుకోండి. ఆ బాణం పొడవు దాని చెదురు. డేటా ఆ విలువకి ఎంత సున్నితంగా స్పందిస్తుందో చెప్పే స్కోరు అనేది ఇంకో బాణం. లెక్క కడితే ఈ రెండింటి డాట్ ప్రొడక్టు ఎప్పుడూ సరిగ్గా 1. డాట్ ప్రొడక్టు అంటే పొడవుల గుణకారం ఇంటూ కాస్ కోణం. కాస్ ఒకటి దాటదు కాబట్టి పొడవుల గుణకారం 1 కంటే తగ్గదు. అంటే మీరెంత తెలివైన అల్గారిథమ్ రాసినా చెదురు ఒక హద్దు కంటే కిందికి రాదు. నీడ బాణం కంటే పొడుగవ్వదు అన్న ముక్కే ఇది. తరగతిలో దాండేకర్ అనే విద్యార్థి అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఇది కనుక్కున్నానని రావు గారే చెప్పుకున్నారు.

కోరిలేషన్ కూడా కోణమే. సగటు తీసేశాక రెండు కాలమ్‌లని రెండు బాణాలనుకుంటే, వాటి మధ్య కోణం తాలూకు కాస్ విలువే కోరిలేషన్. 0.9 అంటే మనం దాదాపు ఒకటే అనుకుంటాం, కోణంలో చూస్తే 26 డిగ్రీలు. 0.5 అంటే 60 డిగ్రీలు. మీటింగుల్లో ఒక వాదన తరచుగా వింటుంటాను: "ఏకీ బీకీ కోరిలేషన్ 0.7, బీకీ సీకీ 0.7, కాబట్టి ఏకీ సీకీ సంబంధం ఉంది." 0.7 అంటే 45 డిగ్రీలకి కాస్త పైన. అటు 45, ఇటు 45, కలిపితే 90 దాటింది. అంటే ఏకీ సీకీ ఏ సంబంధమూ లేకపోవచ్చు, అబ్బే అని వ్యతిరేకంగా కూడా ఉండొచ్చు. అదే 0.8 అయితే ఒక్కోటి 37 డిగ్రీలు, కలిపి 74, కనీసం 0.28 గ్యారంటీ. కాలిక్యులేటరు లేకుండా మీటింగులో కూర్చునే చెప్పెయ్యొచ్చు. ఇంజినీరింగులో మనం కంఠతా పట్టిన లీస్ట్ స్క్వేర్స్ కూడా ఈ తానులో ముక్కే. మోడల్ చెప్పగలిగిన జవాబులన్నీ ఒక తలం, మన డేటా దాని పైన ఎక్కడో గాల్లో ఒక చుక్క, అక్కడ్నుంచి తలం మీదికి లంబం దింపితే పాదం ఎక్కడ పడిందో అదే జవాబు. ఆ ట్రాన్స్‌పోజులూ ఇన్వర్సులూ అన్నీ లంబం దింపడానికి పడే పాట్లు.

అలాగని బొమ్మ అన్నిచోట్లా కాపాడుతుందనను. మెట్రిక్కులు రెండున్నంతసేపూ కాగితం సరిపోతుంది. మా సర్వీసుకి పది ఉన్నాయి. పది డైమెన్షన్లలో మన కంటికున్న అలవాట్లు చాలావరకు అబద్ధం చెప్తాయి. చతురస్రంలో పట్టినంత వృత్తం గీస్తే 78.5 శాతం నిండుతుంది. ఘనంలో గోళం 52 శాతం. పది డైమెన్షన్లలో? 0.25 శాతం! డబ్బా అంతా మూలలే. 1024 మూలలు. ఒక్కో మెట్రిక్కుకీ విడివిడిగా పైగీత, కిందగీత పెట్టి "అన్నీ బాగున్నాయి" అని పచ్చలైటు వేసుకునే డాష్‌బోర్డు కాపలా కాసేది ఎక్కువగా ఎవరూ ఉండని ఖాళీ మూలల్ని.

ఇంకో తమాషా ఉంది. అంత డైమెన్షన్లలో సగటు దగ్గర కూడా ఎవరూ ఉండరు. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల కొలతలు తీసింది, సగటు పైలటుకి సరిపోయే కాక్‌పిట్ కట్టడానికి. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్రాడు వాటిలో పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ మధ్య 30 శాతంలో పడేవాళ్ళెందరో లెక్కపెట్టాడు. ఒక్కడు లేడు. చివరికి సీటుని జరిపే ఏర్పాటు పెట్టుకున్నారు. మా అలారానికీ ఇదే వర్తిస్తుంది. ఒక్క మెట్రిక్కు ఉన్నప్పుడు "మూడు డీవియేషన్లు దాటితే మోగించు" అన్న సూత్రం బాగానే పనిచేస్తుంది. పది మెట్రిక్కుల దూరానికి అదే మూడు పెడితే, డేటా గాసియన్ అయినా సరే, ఏ రోగమూ లేకుండానే సగానికి పైగా సార్లు మోగుతుంది. అక్కడ మామూలు చుక్కలే సగటు నుంచి మూడు పైచిలుకు దూరంలో తిరుగుతుంటాయి మరి.

ఇంతకీ మా గొడవ ఏమైందంటే, మా లీడు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం జ్యామితి మీద కాదు. "రాత్రి మూడింటికి నిద్రకళ్ళతో లేచినవాడికి 'సీపీయూ 90' అని వస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. 'దూరం 8.9' అని వస్తే ఏం చేసుకోవాలి, తాంబూలంలో పెట్టుకోవాలా?" అన్నాడు. న్యాయమైన మాట. కాబట్టి దూరంతో పాటు చుక్క ఏ దిశలో పక్కకి పోయిందో కూడా మాటల్లో వచ్చేలా చేశాం: "ఈ రిక్వెస్టులకి సీపీయూ ఇంత ఉండకూడదు" అని. డిస్కు నిండిపోవడం లాంటి వాటికి పాత గీతలే ఉంచాం. డిస్కు నిండితే దొండకాయ ఏ ఆకారంలో ఉన్నా సర్వరు ఆగిపోతుంది. దొండకాయని గీసే నెల డేటాలోంచి చెడిపోయిన రాత్రుల్ని ముందే ఏరిపారేశాం, లేకపోతే కాయ వాటిని కూడా మింగి లావెక్కుతుంది. పాప నాన్న టీము మారడం ప్రస్తుతానికి వాయిదా వేసుకున్నాడు. పండగ రాత్రులింకా రాలేదు.

మొన్న మెమరీని కూడా కలుపుదామని అదే మా లీడు చుక్కలేసి ప్రింటు తీసుకొచ్చాడు. క్యాషే నిండాక మెమరీ పెరగడం ఆగిపోతుంది కాబట్టి అక్కడ చుక్కలు తిన్నగా పోవట్లేదు, వంగి పక్కకి తిరుగుతున్నాయి. సాగే స్కేలు తిన్నటి కాయకే గానీ వంకర కాయకి పనికిరాదు. "నీ దొండకాయ అరటిపండైంది, ఇప్పుడేం చేస్తావో చెప్పు" అని ఆ కాగితం నా బల్ల మీద పడేసి వెళ్ళాడు. పండుని రెండు ముక్కలుగా కోసి ఒక్కోదానికీ ఒక్కో స్కేలు పెడదామా, లేక ఇరుగుపొరుగు చుక్కల దూరాలతోనే కొలుద్దామా అని ఈ వారమంతా అదే చర్చ.